గాలి ఎక్కడ పోతోంది? పాత లగ్జరీ కార్ల ఎయిర్ సస్పెన్షన్ మీద ఒక ప్రసంగం

(విజయవాడ ఆటోనగర్‌లో మెకానిక్ మిత్రుల కోసం జరిగిన శిక్షణ తరగతిలోని ప్రసంగమిది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసి ఇస్తున్నాం.)

మిత్రులారా, అందరికీ నమస్కారం. షెడ్డు తలుపులు తీయవలసిన వేళకు పని పక్కన పెట్టి ఇక్కడికి వచ్చారు కనుక ఉపోద్ఘాతం పెంచను. మీరు లోపలికి వస్తున్నప్పుడు వేపచెట్టు కింద నిలిపి ఉన్న నల్ల బెంజి కారును చూసే ఉంటారు. అది డబ్ల్యు 220 రకం ఎస్-క్లాస్, స్ప్రింగులకు బదులు గాలి నింపిన సంచుల మీద నిలబడే బండి. నిన్న సాయంత్రం ఏడు గంటలకు ఆ కారును చదునైన నేల మీద నిలిపి, ఇంజిను ఆపి, తలుపులు వేసి, నాలుగు చక్రాల దగ్గరా ఎత్తు కొలిచాను. చక్రం నడిబొడ్డు నుంచి పైన మడ్‌గార్డు అంచు దాకా ఎంత ఉందో మిల్లీమీటర్లలో ఈ బోర్డు మీద రాశాను. ముందు ఎడమ 368, ముందు కుడి 370, వెనుక ఎడమ 362, వెనుక కుడి 361. మాట్లాడుతూ మాట్లాడుతూ నేను ఈ బోర్డు మీద వేరే బొమ్మలేవైనా గీయవచ్చు, కానీ ఈ నాలుగు అంకెలను మాత్రం ఎవరూ చెరపకండి. వీటితో తర్వాత పని ఉంది.

ఇలాంటి కార్లు మన షెడ్లకు ఇంతకుముందు ఎప్పుడో ఒకటి వచ్చేవి. ఇప్పుడు తరచుగా వస్తున్నాయి. ఎందుకంటే, ఢిల్లీ ప్రాంతంలో పదేళ్ళు దాటిన డీజిలు బండ్లు, పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు బండ్లు తిరగకూడదన్న ఆదేశాలు 2014, 2015లలో వచ్చాక, అక్కడి పాత బెంజిలు, ఆడీలు, రేంజ్ రోవర్లు ఎన్.ఓ.సి., అంటే అభ్యంతరం లేదనే పత్రం, తీసుకుని ఇతర రాష్ట్రాలకు తరలడం మొదలైంది. కొన్నప్పుడు కోటికి దగ్గరగా పలికిన బండి, పదిహేనేళ్ళ తర్వాత మామూలు చిన్న కారు ధరకే దొరుకుతుంది. అయితే ధర తగ్గిందని ఆ బండి లోపలి యంత్రాంగం చిన్న కారుది అయిపోదు కదా? విడిభాగాల ధరలు తగ్గవు, రబ్బరు వయసు ఆగదు. కొన్నవారు మొదటి ఆరు నెలల్లోనే ఒక ఉదయం లేచి చూసేసరికి బండి ఒక పక్కకు ఒరిగి, మడ్‌గార్డు టైరు మీద కూర్చుని ఉంటుంది. అప్పుడు మన దగ్గరికి వస్తారు. వచ్చి ఏమంటారు? 'కంప్రెసర్ పోయిందట, మార్చండి' అంటారు. అంటే ఆ సంచుల్లోకి గాలి కొట్టే యంత్రం. మనం కూడా మార్చేస్తాం. ఈ రోజు నేను చెప్పదలచుకున్నదంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది. కంప్రెసర్ పోయిందంటే నిజమే, పోయి ఉండవచ్చు. కానీ అది ఎందుకు పోయింది?

ముందుగా గాలి బండిని ఎలా మోస్తుందో చూద్దాం. మనలో చాలామందిమి కమాను పట్టీల దగ్గర, కాయిల్ స్ప్రింగుల దగ్గర చేయి తిరిగినవాళ్ళం. స్ప్రింగుకు బదులుగా ఇక్కడ తాడు పోగులు కలిపి గట్టిచేసిన రబ్బరు సంచి ఒకటి ఉంటుంది. బస్సుల మీద పనిచేసినవారు దీన్ని బెలూన్ అంటారు, కంపెనీల పుస్తకాలు బెలో అంటాయి, నేను తిత్తి అంటాను. మన ఊళ్ళలో కొలిమి దగ్గర కమ్మరి ఊదే తిత్తి ఉండేది కదా, అదీ ఇదీ ఒకే జాతి. ఇది మోసే బరువు లోపలి గాలి పీడనం మీదా, ఆ పీడనం పనిచేసే వైశాల్యం మీదా ఆధారపడుతుంది. లెక్క కోసం ఒక చక్రం మీద 450 కిలోల బరువు పడుతోందని, తిత్తి అడ్డుకోత వైశాల్యం 60 చదరపు సెంటీమీటర్లని అనుకుందాం. అప్పుడు చదరపు సెంటీమీటరుకు ఏడున్నర కిలోల పీడనం కావాలి. మన టైర్లలో ఉండేది రెండు, రెండుంబావు. అంటే టైరులో ఉన్నదానికి మూడు రెట్లకు పైగా పీడనాన్ని, టైరు కంటే ఎంతో పలుచని రబ్బరు, ఏళ్ళ తరబడి రోజుకు వేలసార్లు మడత పడుతూ, విప్పారుతూ పట్టి ఉంచాలి. ఆ రబ్బరు పదిహేనేళ్ళ తర్వాత చిట్లితే తప్పు దానిదని నేను అనలేను. అది చేయవలసిన సేవ చేసింది.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. అమెరికాలో ఫైర్‌స్టోన్ సంస్థ 1930ల నుంచే దీని మీద పనిచేసింది. 1957లో కాడిలాక్ ఎల్డొరాడో బ్రూమ్‌లోనూ, 1960ల మొదట్లో బెంజి 300 ఎస్.ఇ.లోనూ గాలి సస్పెన్షన్ ఉంది. ఇప్పుడు మన చేతికి వస్తున్నవి ఎక్కువగా 1998లో వచ్చిన డబ్ల్యు 220 ఎస్-క్లాస్, 2002లో వచ్చిన రెండో తరం ఆడీ ఎ8, ఆ కాలపు రేంజ్ రోవర్లు, కొన్ని బి.ఎం.డబ్ల్యు. ఎక్స్5లు. వివరాల్లో తేడాలు ఉన్నా వీటన్నిటిలోనూ అవయవాలు అవే. ఒక చిన్న కరెంటు కంప్రెసర్, దాని పక్కనే తేమ పీల్చే డ్రయ్యరు, ఏ తిత్తికి గాలి పంపాలో తేల్చే వాల్వ్ బ్లాకు, చాలావాటిలో గాలి నిల్వ ఉంచే సీసా, సన్నని నైలాను గొట్టాలు, తిత్తులు, ఎత్తు చెప్పే సెన్సర్లు, వీటన్నిటినీ నడిపే కంట్రోలు యూనిట్.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పి ముందుకు వెళతాను. డబ్ల్యు 220లోనే కొన్ని బండ్లకు, అలాగే సి.ఎల్. కూపేలకు ఎ.బి.సి. అనే మరో పద్ధతి ఉంటుంది. అది గాలి కాదు, నూనె. అది కూడా రాత్రికి రాత్రి ఒరుగుతుంది కనుక చూడటానికి రోగం ఒకటే అనిపిస్తుంది. బానెట్ ఎత్తి చూడండి, ఆకుపచ్చ నూనె పోసే డబ్బా, ఇంజినుతో తిరిగే పెద్ద పంపు కనిపిస్తే అది ఈ రోజు మన విషయం కాదు. దాని పీడనం 200 బార్ల దాకా ఉంటుంది, బారు అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కిలో. తెలియకుండా దాని పైపు విప్పితే చేతిని చీల్చుకుపోతుంది.

సరే, మళ్ళీ గాలి దగ్గరికి వద్దాం. ఇక్కడ ఆర్టీసీ డిపోల్లో గరుడ వోల్వో బస్సుల మీద పనిచేసిన అన్నలు ఇద్దరు ముగ్గురు ఉన్నారని తెలుసు. మీరు నన్ను అడగవచ్చు, 'బస్సు బెలూన్‌కు సన్న లీకేజీ ఉన్నా ఏళ్ళు నడిచేది, ఈ కారుకు ఏమొచ్చింది' అని. చాలా మంచి ప్రశ్న, దీనికి జవాబు తెలిస్తే సగం పని తెలిసినట్టే. బస్సులో కంప్రెసర్ ఇంజినుతో పాటు తిరుగుతుంది, ఇంజిను ఆయిలే దానికీ అందుతుంది, ఎయిర్ బ్రేకుల కోసం అది రోజంతా గాలి కొడుతూనే ఉండాలి. కొంచెం గాలి ఎక్కడో కారిపోయినా దానికి లెక్కలేదు. కారులో ఉన్నది అలాంటిది కాదు. అరచేతిలో పట్టేకంటే కొంచెం పెద్ద మోటారు, దానికి ఒకే పిస్టను, ఆ పిస్టనుకు ఆయిలు లేకుండా పొడిగా జారే రింగు. తలుపు తీసినప్పుడో, నలుగురు ఎక్కినప్పుడో కొన్ని సెకన్లు, మహా అయితే ఒకటి రెండు నిమిషాలు పనిచేసి, మిగతా సమయమంతా చల్లారుతూ ఉండాలని దాన్ని తయారుచేశారు. అలాంటిదాన్ని చిల్లు కుండలో నీళ్ళు పోసే పనికి పెడితే ఏమవుతుంది?

ఏమవుతుందో వరుసగా చెబుతాను. తిత్తిలో సన్న పగులు వస్తుంది. రాత్రంతా గాలి పోతుంది. ఉదయం కంప్రెసర్ నిమిషం తిరగవలసింది అయిదు నిమిషాలు తిరుగుతుంది. బయటి గాలితో పాటు తేమ లోపలికి వస్తుంది. మామూలుగా ఆ తేమను డ్రయ్యరులోని గుళికలు పీల్చుకుంటాయి, బండి కిందికి దిగేటప్పుడు తిత్తుల్లోని పొడిగాలి అదే డ్రయ్యరు గుండా వెనక్కి పోతూ ఆ తేమను బయటికి తీసుకుపోతుంది. ఎంత అందమైన ఏర్పాటో గమనించండి, పీల్చిన తేమను ఊపిరి వదిలేటప్పుడు తనే కక్కేస్తుంది. కానీ లీకేజీ ఉన్నప్పుడు గాలి డ్రయ్యరు గుండా వెనక్కి పోదు, పగులు గుండా బయటికి పోతుంది. డ్రయ్యరుకు వచ్చే తేమే తప్ప పోయే తేమ ఉండదు. గుళికలు తడిసి ముద్దవుతాయి, కొన్నాళ్ళకు పొడి పొడిగా రాలతాయి. ఆ పొడీ ఆ తేమా వాల్వ్ బ్లాకులోకి చేరి అక్కడి సన్నని వాల్వుల మీద తుప్పునూ, మురికినూ పేరుస్తాయి. మరోపక్క కంప్రెసరు పిస్టను రింగు అరిగిపోతుంది, గాలి కొట్టే శక్తి తగ్గుతుంది, శక్తి తగ్గింది కనుక ఇంకా ఎక్కువసేపు తిరుగుతుంది. ఎక్కువసేపు పెద్ద కరెంటు మోసి మోసి, కంప్రెసరుకు కరెంటు ఇచ్చే స్విచ్చు అయిన రిలేలోని కాంటాక్టులు కాలి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అప్పుడు బండి ఆపి తాళం చెవి తీసుకుని ఇంట్లోకి వెళ్ళినా కంప్రెసర్ ఆగదు. తెల్లవారేసరికి కంప్రెసరూ కాలిపోతుంది, బ్యాటరీ కూడా చచ్చిపోతుంది. అప్పుడు స్కానరు పెడితే ఏం చూపిస్తుంది? కంప్రెసర్ లోపం అని చూపిస్తుంది. అది అబద్ధం చెప్పలేదు. కానీ అది చివర ఏం జరిగిందో చెప్పింది, మొదట ఏం జరిగిందో చెప్పలేదు.

ఇది నేను పుస్తకంలో చదివి చెబుతున్నది కాదు. చాలా ఏళ్ళ కిందట గుంటూరు నుంచి ఒక డాక్టరు గారు ఇలాంటి ఎస్-క్లాసే తెచ్చారు. ముందు భాగం లేవడం లేదు, డ్యాష్‌బోర్డు మీద బండి మరీ కిందికి ఉంది, ఆపమని హెచ్చరిక వస్తోంది. కంప్రెసరు మోటారు కాలిన వాసన నాకే తెలిసింది. కొత్తది తెప్పించి వేశాను, బండి లేచింది, ఆయన సంతోషంగా తీసుకువెళ్ళారు. నాలుగు నెలల్లో మళ్ళీ అదే బండి, అదే వాసన. ఆ రెండో కంప్రెసర్ డబ్బు నేనే పెట్టుకున్నాను, అది పెద్ద విషయం కాదు. నన్ను ఇప్పటికీ బాధించే విషయం వేరే ఉంది. రాత్రిపూట ఆసుపత్రి నుంచి పిలుపు వచ్చినప్పుడు ఆయన ఆ బండిని నమ్ముకుని బయల్దేరేవారు, నేను సరిచేశానని నమ్మి బయల్దేరేవారు. రెండోసారి నేను కంప్రెసర్ ముట్టుకోకుండా బండిని ఒక రాత్రి షెడ్డులో ఉంచి టేపు పట్టుకున్నాను. తెల్లవారేసరికి ముందు ఎడమ వైపు 41 మిల్లీమీటర్లు దిగింది. మిగతా మూడూ దాదాపు అలాగే ఉన్నాయి. ఆ టేపు పనికి నాకైన ఖర్చు ఎంత? ఏమీ లేదు. మొదటిసారే ఎందుకు కొలవలేదు? కొలవాలని తోచలేదు. అందుకే ఈ రోజు మీ ముందు నిలబడి ఇంతగా చెబుతున్నాను.

ఒక రాత్రి కొలత

కొలిచే పద్ధతిలో కొన్ని మెలకువలు ఉన్నాయి. నేల చదునుగా ఉండాలి. బండిని ముందుకూ వెనక్కూ కొంచెం కదిపి, చక్రాలు నిటారుగా పెట్టి నిలపాలి. నేల నుంచి మడ్‌గార్డు దాకా కొలవకండి, టైరులో గాలి తేడా ఉంటే కొలత తప్పుతుంది. చక్రం మధ్య నుంచే కొలవండి. కొలిచిన అంకెను అక్కడికక్కడే చిన్న కాగితం పట్టీ మీద రాసి మడ్‌గార్డుకే అంటించండి, మరునాడు వేరే కుర్రాడు కొలిచినా తికమక ఉండదు. ఇంకో మాట, పాత రేంజ్ రోవర్లలో కంట్రోలు యూనిట్ బండి ఆపి ఉన్నా కొన్ని గంటలకొకసారి మేల్కొని, ఒక మూల దిగి ఉంటే మిగతా మూలల గాలి కూడా వదిలి సమం చేస్తుంది. తెల్లవారి చూస్తే నాలుగూ దిగి ఉంటాయి, దొంగ ఎవరో తెలియదు. అలాంటి బండ్లకు ఆ రాత్రి సస్పెన్షన్ ఫ్యూజు తీసి ఉంచాలి. అప్పుడు లీకేజీ ఉన్న మూల ఒక్కటే దిగి తనను తాను పట్టిస్తుంది.

ఎంత దిగితే రోగమనాలి? ఇక్కడ మన ఎండలను కూడా లెక్కలోకి తీసుకోవాలి. మే నెలలో మధ్యాహ్నం 42 డిగ్రీల వేడిలో నిలిపిన బండి తెల్లవారుజామున 27 డిగ్రీలకు చల్లారితే లోపలి గాలి దాదాపు అయిదు శాతం కుంచించుకుపోతుంది. తిత్తి మీద ఉన్న బరువు మారదు కనుక పీడనం అంతే ఉంటుంది, కానీ గాలి ఆక్రమించే చోటు తగ్గుతుంది, బండి ఆ మేరకు కొన్ని మిల్లీమీటర్లు దిగుతుంది. అది రోగం కాదు. నాలుగు మూలలూ సమంగా కొద్దికొద్దిగా దిగితే కంగారు పడకండి. ఒక మూల మిగతావాటికి భిన్నంగా దిగితేనే దాని వెంట పడండి. సంక్రాంతి రోజుల్లో మాత్రమే దిగి, వేసవిలో దిగని బండ్లు కూడా ఉంటాయి. అతుకుల దగ్గర గాలి పోకుండా ఆపే రబ్బరు ఓ-రింగులు చలికి బిగుసుకుని పట్టు వదలడమే దానికి కారణం. యజమాని మాట నమ్మి ఓపికగా చలిపూట కొలవడం తప్ప దానికి దగ్గర దారి లేదు.

ఏ మూలో తెలిసింది. ఇప్పుడు ఎక్కడ? పంక్చర్ వేసే మనిషి ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి బుడగ కోసం చూస్తాడు. మనం స్ట్రట్‌ను, అంటే తిత్తీ షాక్ అబ్జార్బరూ కలిసి ఉన్న భాగాన్ని, ముంచలేం కనుక సబ్బునీళ్ళను దాని మీదికి తీసుకువెళతాం. గిన్నెలు తోమే ద్రవం చాలు, నీళ్ళలో కలిపి స్ప్రే చేయండి. డీజిలు, పెట్రోలు, తుప్పు వదిలించే స్ప్రేలు తిత్తి దగ్గరికి కూడా రానివ్వకండి, అవి రబ్బరును తింటాయి. ముందు పైన గొట్టం వచ్చి కలిసే ఇత్తడి నట్టు దగ్గర చూడండి. తర్వాత తిత్తిని పైనా కిందా బిగించే లోహపు పట్టీల దగ్గర. చివరగా, అన్నిటికంటే ముఖ్యంగా, తిత్తి కింది మడత దగ్గర. రబ్బరు అక్కడే మడత పడుతుంది, అక్కడే దుమ్ము చేరుతుంది, అక్కడే చిట్లుతుంది. మన రోడ్ల మీద ఎర్రమట్టి, ఇసుక ఆ మడతలో చేరి ప్రతి స్పీడ్ బ్రేకరు దగ్గరా రబ్బరును గరగరా రాస్తూనే ఉంటుంది.

మడత గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఓడిపోయేది ఇక్కడే. బండి ఒక ఎత్తులో ఉన్నప్పుడు పగులు మడత లోపల నొక్కుకుని మూసుకుపోతుంది, మరో ఎత్తులో విచ్చుకుంటుంది. మీరు బండిని లిఫ్టు మీద ఎత్తి, చక్రాలు వేలాడుతుండగా సబ్బునీళ్ళు కొట్టి 'ఎక్కడా బుడగ లేదు' అంటే ఆ పరీక్ష జరగనట్టే. బండి తన చక్రాల మీద తను నిలబడి ఉండగా, మామూలు ఎత్తులో ఒకసారి, ఎత్తు పెంచి ఒకసారి, వీలైతే ముందు చక్రాలు ఎడమకూ కుడికీ తిప్పి ఒక్కొక్కసారి చూడాలి. బుడగ పెద్దగా ఉబకదు, సన్నని తెల్ల నురగ నెమ్మదిగా పేరుకుంటుంది. అయిదు నిమిషాలు ఆగి చూడండి. ఆడీ ఎ8 లాంటి వాటిలో తిత్తి చుట్టూ అల్యూమినియం గొట్టం కప్పి ఉంటుంది, రబ్బరు కంటికి కనిపించదు. అక్కడ గొట్టం కింది అంచు దగ్గర నురగ కోసం చూడాలి.

సబ్బు ఏమీ చెప్పకపోతే? అప్పుడు లీకేజీ తిత్తిలో కాక వాల్వ్ బ్లాకులో ఉండవచ్చు. వాల్వు సరిగా మూసుకోకపోతే గాలి బయటికి రాకుండానే తిత్తి నుంచి వెనక్కి జారిపోతుంది, ఎక్కడా బుడగ రాదు. దీన్ని తేల్చడానికి నేను చేసే పని ఇది. ఆ మూల తిత్తిలోని గాలిని బయటికి వదిలేసి, వాల్వ్ బ్లాకుకూ స్ట్రట్‌కూ మధ్య గొట్టంలో ఒక చిన్న బాల్ వాల్వు, దాని తర్వాత స్ట్రట్ వైపు ఒక పీడనం గేజీ బిగిస్తాను. బండిని మామూలు ఎత్తుకు లేపి, బాల్ వాల్వు మూసి, రాత్రంతా వదిలేస్తాను. తెల్లవారేసరికి మూల దిగితే దోషం స్ట్రట్ వైపు. నిలబడి ఉంటే దోషం బ్లాకు వైపు. సందేహానికి తావు ఉండదు. ఈ సామాను సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి చోట్ల సులభంగా దొరుకుతుంది. కానీ ఒక్క విషయం మరచిపోకండి. నొక్కి పెట్టే మామూలు ప్లాస్టిక్ ఫిట్టింగులు ఎక్కువగా 10 బార్ల వరకే తట్టుకునేవి. ఈ కార్లలో పీడనం అంతకు మించిపోవచ్చు. కొట్టువాడిని ఎన్ని బార్లకు తట్టుకుంటుందో అడిగి, మీ కారు పీడనానికి మించి తట్టుకునేది తీసుకోండి.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి మన ఊరు మునిగినప్పుడు నీళ్ళలో నిలిచిన బండ్లు మీ అందరికీ వచ్చి ఉంటాయి. వాటి విషయంలో ఈ వరుస కొంచెం మారుతుంది. నీరు కంప్రెసరు గాలి పీల్చే మార్గం గుండా లోపలికి వెళ్ళి ఒండ్రు మిగిల్చి ఉంటే, లీకేజీ లేకపోయినా కంప్రెసరూ డ్రయ్యరూ పాడవుతాయి. కొన్ని బండ్లలో కంప్రెసర్ ముందు బంపరుకు వెనకాల, ముందు చక్రం గూడు పక్కన ఉంటుంది, రేంజ్ రోవర్ లాంటి వాటిలో డిక్కీలో స్టెపినీ గుంటలో ఉంటుంది. వరదలో నిలిచిన బండి అయితే ముందు ఆ గాలి ఫిల్టరు విప్పి చూడండి, బురద కనిపిస్తే కంప్రెసరును ఒక్కసారి కూడా తిప్పకండి.

లీకేజీ సరిచేశాక

ఇప్పుడు కంప్రెసర్ దగ్గరికి వద్దాం. లీకేజీ సరిచేసిన తర్వాతే దాన్ని పరీక్షించాలి. ముందు బ్యాటరీ సరిగా ఉందో లేదో చూడండి, వోల్టేజీ పడిపోతే కంట్రోలు యూనిటే కంప్రెసరును తిరగనివ్వదు. తర్వాత కంప్రెసర్ తిరుగుతుండగా దాని కనెక్టరు దగ్గరే వోల్టేజీ కొలవండి, బ్యాటరీ దగ్గర కాదు. వైరులోనో రిలేలోనో వోల్టేజీ పోతుంటే అక్కడ తెలుస్తుంది. ఆ తర్వాత దాని మూతికి గేజీ పెట్టి ఎంత పీడనం దాకా కొడుతుందో, ఎంతసేపట్లో కొడుతుందో చూడండి. పది బార్లు దాటడానికి ఆపసోపాలు పడుతుంటే రింగు అరిగిందని అర్థం. రింగు, సిలిండరు మాత్రమే మార్చే కిట్లు దొరుకుతున్నాయి, మోటారు బాగుంటే అవి చాలు. కొత్త కంప్రెసరు వేసినా, కిట్టు వేసినా, డ్రయ్యరు గుళికలూ రిలే మాత్రం తప్పకుండా మార్చండి. రిలే ధర మొత్తం పనిలో ఎంత? ఏమీ కాదు. దాన్ని మిగిల్చి పాతదే ఉంచి, కొత్త కంప్రెసరును దాని చేతిలో పెట్టడం నాకు సమ్మతం కాదు.

సెన్సర్ల గురించి క్లుప్తంగా చెబుతాను. లీకేజీ లేకుండానే బండి ఒక పక్క ఎత్తుగానో పల్లంగానో నిలిచిపోతే సెన్సరును అనుమానించండి. దాని చివరి ప్లాస్టిక్ లింకు విరిగో, ఊడిపోయో ఉంటుంది. స్కానరులో ఎత్తు విలువలు చూస్తూ లింకును చేత్తో నెమ్మదిగా కదపండి, విలువ మెట్టు మెట్టుగా కాకుండా నునుపుగా మారాలి. సెన్సరు గానీ స్ట్రట్ గానీ మారిస్తే స్కానరుతో ఎత్తు సరిదిద్దడం తప్పనిసరి, ఆ తర్వాతే వీల్ అలైన్‌మెంట్ చేయాలి. ఈ వరుస తిరగేస్తే అలైన్‌మెంట్ డబ్బు వృథా అవుతుంది, టైర్లు లోపలి అంచున అరిగిపోతాయి.

కొత్త స్ట్రట్ బిగించేటప్పుడు చేయకూడని పని ఒకటుంది, అది చేస్తే కొత్తది అదే రోజు పాడవుతుంది. తిత్తిలో గాలి లేకుండా బండి బరువును దాని మీద దించకూడదు. ఖాళీ తిత్తి తప్పుగా మడత పడి, ఆ మడతలోనే నలిగి చిరుగుతుంది. బండి ఇంకా లిఫ్టు మీద ఉండగానే, చక్రం వేలాడుతుండగానే స్కానరుతో తిత్తికి గాలి పట్టించి, అది సరిగా విప్పారిందని కంటితో చూసి, అప్పుడు నెమ్మదిగా దించండి. చాలా స్ట్రట్లకు గాలి పూర్తిగా పోకుండా కొంత నిలిపి ఉంచే చిన్న వాల్వు గొట్టం కలిసే చోటే ఉంటుంది. నట్టు విప్పండి గానీ ఆ వాల్వును విప్పకండి. నైలాను గొట్టం కొసను పదునైన బ్లేడుతో నిటారుగా కోయండి, కటింగ్ ప్లయరుతో నలిపి తెంపకండి. నట్టును బలమంతా పెట్టి బిగించకండి, అది ఇత్తడి. చక్రాన్ని పట్టి ఉంచే కింది ఆర్మ్ రబ్బరు బుష్‌ల బోల్టులకు చివరి బిగింపు బండి తన ఎత్తులో నిలిచాకే ఇవ్వండి.

ప్రాణానికి సంబంధించిన మాట ఒకటి. గాలి మీద నిలబడిన బండి ఎప్పుడైనా దిగుతుంది. తలుపు తీసినా, తాళం తిప్పినా, స్కానరులో ఒక మీట నొక్కినా దిగుతుంది. స్టాండ్లు పెట్టకుండా చక్రం గూడులోకి తల గానీ చేయి గానీ పెట్టకండి. పక్కన పనిచేసే కుర్రాడిని పెట్టనివ్వకండి. ఆ గూడు ఖాళీ చూడటానికి నాలుగు వేళ్ళు ఉంటుంది, దిగితే ఏమీ ఉండదు.

వెనుక నుంచి ఒక తమ్ముడు అడుగుతున్నాడు, ఇవన్నీ తీసేసి కాయిల్ స్ప్రింగులు వేసేయవచ్చు కదా అని. వేయవచ్చు. కిట్లు ఉన్నాయి, నేనూ వేశాను. యజమాని దగ్గర డబ్బు లేనప్పుడు, బండి ఎలాగైనా తిరగాలన్నప్పుడు అది తప్పు కాదు. కానీ ఏమి పోతుందో ముందే చెప్పండి. ఒక్కరు కూర్చున్నా, అయిదుగురు కూర్చుని డిక్కీ నిండా సామాను పెట్టినా బండి ఒకే ఎత్తులో ఉండటం గాలి చేసే పని. బరువు పెరిగితే పీడనం పెరుగుతుంది, అందుకే మెత్తదనం మారదు. స్ప్రింగు అలా మారలేదు. ఆ గుణం కోసమే ఆ బండికి అంత ధర పెట్టారు. పైగా ఒక తిత్తి పోయిందని నాలుగూ తీసేయడం నాకు మనసొప్పదు. ఒక ముందు తిత్తి చిట్లితే రెండోదానికి కూడా అదే వయసు అని యజమానికి చెప్పి, వీలైతే ముందు రెండూ ఒకేసారి మార్చమంటాను. రెండూ మార్చలేనంటే ఒక్కటే మారుస్తాను, రెండోదాని మడతను చూపించి, ఆరు నెలలకొకసారి తెచ్చి చూపించమంటాను. ఇంకొకరు పంక్చర్ ద్రవం తిత్తిలో పోస్తే ఎలా ఉంటుందని అడిగారు. వద్దు, ఎప్పటికీ వద్దు. అది తిత్తిలో ఆగదు, బండి దిగినప్పుడు వెనక్కి వచ్చి వాల్వ్ బ్లాకులో గడ్డకడుతుంది. ఒక భాగంతో పోయే పని మూడు భాగాలకు చుట్టుకుంటుంది.

గుంటూరు డాక్టరు గారి బండి సంగతి చెప్పి ముగిద్దామనుకున్నాను. ఎడమ ముందు స్ట్రట్, కంప్రెసర్, డ్రయ్యరు, రిలే మార్చాక, ఆ బండిని ఆయన ఎంత తొందర పెట్టినా ఇంకో రాత్రి ఉంచుకున్నాను. తెల్లవారి కొలిస్తే నాలుగు మూలల్లోనూ తేడా మూడు మిల్లీమీటర్లకు మించలేదు. అప్పుడు తాళాలు ఇచ్చాను. ఆ కంప్రెసర్ ఆయన బండి అమ్మే దాకా నడిచింది.

ఇప్పుడు సమయం ఎనిమిదిన్నర. నిన్న సాయంత్రం ఏడు నుంచి పదమూడున్నర గంటలు గడిచాయి. బోర్డు మీద అంకెలు అలాగే ఉన్నాయి. ఆ బండికి ఏ మూల ఏ దోషం ఉందో నాకూ ఇంకా తెలియదు, యజమాని కంప్రెసర్ మార్చమనే ఇచ్చి వెళ్ళారు. టేపు ఇదిగో, సబ్బునీళ్ళ సీసా ఆ కిటికీ దగ్గర ఉంది. ముందు వరుసలోని నలుగురు ఒక్కొక్క చక్రం దగ్గర నిలబడండి. తలుపులు ఎవరూ తీయకండి, బండికి ఆనుకోకండి. ముందు ఎడమ నుంచి మొదలుపెడదాం, పదండి.